ఆల్‌ఫ్రెడో క్రౌస్: పాత్రలను వద్దనుకుని నిలిచిన స్పానిష్ టెనర్

కొత్తశ్రోత (విజయవాడ)

అందరికీ నమస్కారం. 1990లో రోమ్‌లో జరిగిన మూడు టెనర్ల (పై స్థాయిలో పాడే మగ గాయకుల) కచేరీ వీడియో చూసి ఓపెరా వినడం మొదలుపెట్టినవాళ్ళలో నేనూ ఒకడిని. ఆ ముగ్గురిలో పవరోత్తిది ఇటలీ. డొమింగో, కారేరాస్ ఇద్దరిదీ స్పెయిన్. కారేరాస్ పాటలు వెతుకుతుంటే ఆల్‌ఫ్రెడో క్రౌస్ అనే ఇంకో స్పానిష్ టెనర్ వీడియో వచ్చింది. 1986లో పారిస్‌లో తీసింది. దోనిజెట్టి ఓపెరా, అందులో టోనియో అనే పల్లెటూరి కుర్రాడి పాత్ర. తను ప్రేమించిన అమ్మాయి కోసం సైన్యంలో చేరిపోయి ఆ సంతోషంలో ఒక పాట అందుకుంటాడు. ఆ పాటలో తొమ్మిది హై సీలు (చాలా ఎత్తైన స్వరాలు) ఉన్నాయని కింద ఎవరో రాశారు. పాడుతున్న మనిషికి అప్పటికి 58 ఏళ్ళు!

ఈయన గురించి తెలుగులో ఏమీ దొరకలేదు. స్పెయిన్ బయట ఈయన కెరీర్ ఎలా సాగింది? ఇంత బాగా పాడిన మనిషి పేరు మిగతా ముగ్గురిలా ఎందుకు వినిపించదు? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఓపెరాపిచ్చి (చికాగో)

క్రౌస్ గురించి ఇక్కడ ఒకరు అడగడమే నాకు పండగలా ఉంది. కాస్త పెద్దగానే రాస్తాను.

1927లో కానరీ దీవుల్లోని లాస్ పాల్మాస్‌లో పుట్టారు. స్పెయిన్‌దే అయినా ఆఫ్రికా తీరానికి దగ్గరగా ఉండే దీవులు అవి. తండ్రిది ఆస్ట్రియా, అందుకే ఆ ఇంటిపేరు. చిన్నప్పటి నుంచి పియానో, చర్చి బృందంలో పాటలు ఉన్నా, ముందు ఇంజనీరింగ్ వైపు చదువు పూర్తి చేసి తర్వాతే సంగీతంలోకి వచ్చారు. మిలాన్‌లో మెర్సెదెస్ యొపార్ట్ అనే స్పానిష్ గాయని దగ్గర నేర్చుకున్నారు. గొంతును ఎక్కడ నిలపాలి, ఊపిరిని ఎలా పట్టి ఉంచాలి అన్నది అక్కడే కుదిరింది. తర్వాత రెనాటా స్కొత్తో అనే గాయని గొంతు ఇబ్బందిలో పడ్డప్పుడు ఆమెను ఇదే గురువు దగ్గరికి పంపింది క్రౌస్.

మొదటి ఓపెరా స్పెయిన్‌లోనూ కాదు, ఇటలీలోనూ కాదు. 1956లో కైరోలో, వెర్ది 'రిగొలెత్తో'లో డ్యూక్ పాత్ర. అప్పటికి 28 ఏళ్ళు. 1958లో లిస్బన్‌లో 'లా త్రావియాతా', పక్కన మరియా కలాస్. 1959లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో జోన్ సదర్లండ్‌తో 'లుచియా'. 1960లో మిలాన్ లా స్కాలాలో బెల్లీని 'సొన్నంబుల'. 1962లో మా చికాగోలో అమెరికా తొలి ప్రదర్శన, దోనిజెట్టి 'ఎలిసిర్ దమోరే'లో నెమొరినో. 1966లో న్యూయార్క్ మెట్ (మెట్రోపాలిటన్ ఓపెరా), మళ్ళీ రిగొలెత్తో డ్యూక్‌గానే. పదేళ్ళలో ప్రపంచంలోని పెద్ద వేదికలన్నీ అయిపోయాయి.

అసలు కథ ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళది. చాలామంది టెనర్లు పేరు రాగానే బరువైన పాత్రలకు, అంటే దట్టమైన వాయిద్యాల మీదుగా గట్టిగా పాడాల్సిన వాటికి వెళ్తారు. డబ్బు, పేరు, పోస్టర్ మీద పెద్ద అక్షరాలు అన్నీ అక్కడే ఉంటాయి. క్రౌస్ వెళ్ళలేదు. వెర్దిలో డ్యూక్, 'త్రావియాతా'లో అల్‌ఫ్రెడో, 'ఫాల్‌స్టాఫ్'లో ఫెంటన్, దాదాపు అంతే. బెల్లీని, దోనిజెట్టి, మసెనె, గునో, బిజె, కొంచెం మొజార్ట్. ఈ గీత దాటకుండా డెబ్బై ఏళ్ళ దగ్గర దాకా పాడారు.

నిశ్శబ్దశ్రోత (వరంగల్)

హై సీ అంటే అసలు ఎంత ఎత్తు? కర్ణాటక సంగీతం భాషలో ఎవరైనా చెప్తారా?

శ్రుతిపెట్టె (తెనాలి)

చెప్తానండీ. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు నాకూ ఇదే ప్రశ్న వస్తుంది. మన మగ గాయకుడు ఒకటో శ్రుతిలో, అంటే సి స్వరం షడ్జంగా పెట్టుకుని పాడుతున్నాడనుకోండి. ఆయన తారషడ్జం సుమారు 261 హెర్ట్‌జ్. టెనర్ హై సీ దానికి సరిగ్గా పైస్థాయిలో, 523 హెర్ట్‌జ్ దగ్గర ఉంటుంది. అతితార షడ్జం అన్నమాట. మనవాళ్ళు కచేరీలో తారస్థాయి పంచమం దాకా వెళ్ళి నిలబడితేనే సభ ఊగిపోతుంది.

అదీ మైకు లేకుండా. ముందు అరవై, డెబ్బై వాయిద్యాల బృందం, ఎదురుగా రెండు, మూడు వేల మంది. గొంతు చించుకుంటే అది వినపడదు. శిక్షణ ఉన్న గొంతులో 3000 హెర్ట్‌జ్ దగ్గర ఒక మెరుపు లాంటి బలం చేరుతుంది. ఆ ప్రాంతంలో వాయిద్యాల శబ్దం బలహీనంగా ఉంటుంది కాబట్టి గొంతు దానిమీదుగా చివరి వరస దాకా వెళ్తుంది. క్రౌస్ గొంతు పెద్దది కాదు. ఈ మెరుపు మాత్రం పుష్కలంగా ఉంది. ముఖం ముందు భాగంలో నాదం మోగాలని ఆయన పట్టుబట్టేవారు. పాఠాలు చెప్పేటప్పుడు 'ఇ' అచ్చుకు చాలా ప్రాధాన్యం ఇచ్చేవారు. మిగతా అచ్చులన్నీ ఆ 'ఇ' మోగే చోటికే తెచ్చుకోవాలన్నది ఆయన పద్ధతి. రికార్డింగ్‌లో గమనించండి, ఏ అచ్చు మీద ఆపినా నాదం చోటు మారదు.

పల్లవి77 (హైదరాబాద్)

అందరూ పొగుడుతున్నారు కాబట్టి నేను రెండో వైపు నిలబడతాను. మనస్ఫూర్తిగానే చెప్తున్నాను.

క్రౌస్ పాట నాకు గౌరవం కలిగిస్తుంది. కన్నీళ్ళు తెప్పించదు. గొంతులో తడి తక్కువ. పెద్దవయసు రికార్డింగుల్లో కొంచెం ముక్కుతో పాడినట్టు ఉంటుంది. డొమింగోను చూడండి. మాడ్రిడ్‌లో పుట్టి, చిన్నప్పుడే మెక్సికో వెళ్ళి, కుర్రతనంలో టెల్ అవీవ్ ఓపెరాలో కొన్నేళ్ళు వరసగా పాత్రలు పాడి రాటుదేలాడు. 1968లో ఫ్రాంకో కొరెల్లి రాలేని రోజు మెట్‌లో అప్పటికప్పుడు వేదిక ఎక్కాడు. 'ఒథెల్లో' రెండు వందల సార్లకు పైగా పాడాడు. 150కి పైగా పాత్రలు. 2009లో బెర్లిన్‌లో బారిటోన్ (టెనర్ కన్నా కింది స్థాయి మగ గొంతు) పాత్రకు కూడా వెళ్ళాడు. గొంతును దాచుకోవడం కోసమేనా కళ ఉన్నది? ఖర్చు పెట్టకుండా దాచిన గొంతు ఎవరి కోసం?

గోదారిగట్టు (లండన్)

పల్లవి గారూ, ప్రశ్న బాగుంది. దానికి జవాబు కారేరాస్ జీవితంలో ఉందని నాకనిపిస్తుంది. ఆయన నా అభిమాన గాయకుడు, తక్కువ చేసి మాట్లాడను.

1946లో బార్సెలోనాలో పుట్టారు. 1970లో అక్కడి లిసెయు ఓపెరా థియేటర్‌లో 'నోర్మా'లో చిన్న పాత్ర వేస్తే మోంత్సెరాత్ కబాయె అనే పెద్ద గాయని ఆ గొంతును గుర్తుపట్టి పైకి తెచ్చింది. డెబ్బైల మొదట్లో ఆ గొంతు వినండి, తేనె. అది తేలిక గొంతు. వాయిద్య బృందాన్ని నడిపించే కండక్టర్ కరాయన్ ఆయన్ని ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ ఉత్సవానికి పిలిచి 1976లో 'డాన్ కార్లో', 1979లో ఏకంగా 'ఐదా'లో రదామెస్ అనే బరువైన పాత్ర పాడించాడు. కుర్ర గాయకుడు కరాయన్ పిలిస్తే కాదంటాడా? ఎనభైల్లో పై స్వరాలు బిగుసుకోవడం మొదలైంది. ఆ తర్వాత 1987లో లుకేమియా (రక్త క్యాన్సర్) వచ్చింది. బతికి తిరిగి వచ్చి, మరుసటి ఏడాదే ఆ జబ్బు మీద పరిశోధనకు ఫౌండేషన్ పెట్టారు. ఆ ధైర్యానికి చేతులెత్తి మొక్కాలి. కానీ గొంతులో మార్పు జబ్బుకు ముందే వినిపిస్తుంది, దాన్ని జబ్బు ఖాతాలో వేయలేం.

అంటే దాచుకోవడం, ఖర్చుపెట్టడం అన్న రెండే దారులు లేవు. డొమింగో గొంతు అన్నేళ్ళు ఆ బరువు మోసింది. కారేరాస్ గొంతు మోయలేకపోయింది. ఎవరి గొంతు ఎంత మోస్తుందో ముందే తెలిసి ఉండాలి. క్రౌస్‌కు తెలుసు.

ఓపెరాపిచ్చి (చికాగో)

గోదారిగట్టు గారు కరాయన్ పేరు ఎత్తారు కాబట్టి: క్రౌస్ కూడా సాల్జ్‌బర్గ్‌లో కరాయన్ కింద పాడారు, 1968లో. పాత్ర మొజార్ట్ 'డాన్ జొవాన్ని'లో డాన్ ఒత్తావియో. ఆయన గొంతుకు సరిగ్గా సరిపోయే పాత్ర. అదే సాల్జ్‌బర్గ్, అదే కరాయన్. తేడా ఆ పాత్రలోనే ఉంది.

పల్లవి గారి మాటకు నా జవాబు ఇది. క్రౌస్ వద్దన్నవి భయంతో వద్దన్నవి కావు. కైరోలో మొదటి ఏడాదే పుచ్చీని రాసిన 'తోస్కా' పాడారు, అంటే ఆ బరువైన సంగీతం ఆయనకు తెలియనిది కాదు. 1979లో స్కొత్తోతో 'లా బొహెమ్' రికార్డు కూడా చేశారు. కానీ రోజూ వేదిక మీద ఆ దట్టమైన వాయిద్యాల మీదుగా పాడితే గొంతుకు ఏమవుతుందో లెక్క తెలుసు. ఏడాదికి చేసే ప్రదర్శనలు కూడా తక్కువగానే పెట్టుకునేవారు. అలా మిగిలిన శక్తిని ఎక్కడ పెట్టారో చూడండి. డ్యూక్ రెండో అంకంలో ఒక వేగమైన పాట ఉంది, చాలా థియేటర్లు దాన్ని కోసేసేవి. క్రౌస్ దాన్ని పూర్తిగా పాడి చివర హై డి (హై సీ కన్నా ఇంకో మెట్టు పైది) అందుకునేవారు. ఇది దాచుకునేవాడు చేసే పనా?

మాడ్రిడ్‌వాసి (మాడ్రిడ్)

ఇక్కడివాళ్ళు క్రౌస్ గురించి మాట్లాడేటప్పుడు తప్పకుండా చెప్పే ఇంకో పేరు ఉంది: హులియాన్ గయార్రే. నవార్రా కొండల్లో రోంకాల్ అనే చిన్న ఊళ్ళో 1844లో పుట్టి, యూరప్ అంతా మోగిన టెనర్. 1889 డిసెంబర్‌లో ఇక్కడి తెయాత్రో రియాల్ ఓపెరా థియేటర్‌లో బిజె రాసిన 'ముత్యాల జాలరులు' పాడుతుండగా నదీర్ అనే పాత్ర పాట మధ్యలో గొంతు విరిగిపోయింది. ఇక పాడలేనని వేదిక దిగేశాడు. మూడు, నాలుగు వారాలకే, 1890 జనవరి 2న చనిపోయాడు. 45 ఏళ్ళు. ఆయన స్వరపేటికను ఇప్పటికీ రోంకాల్‌లోని మ్యూజియంలో భద్రపరిచారు.

1959లో గయార్రే జీవితం మీద సినిమా తీస్తే ఆ పాత్ర వేసింది క్రౌస్. అప్పుడే అంతర్జాతీయ వేదికలు ఆయన్ని పిలవడం మొదలైంది. గయార్రేను కూల్చిన ఆ నదీర్ పాటే తర్వాత క్రౌస్ సొంత పాటల్లో ఒకటయింది. గొంతు ఎంత పెళుసైనదో కెరీర్ మొదట్లోనే ఆయన తన ఒంటి మీద నటించి చూశారు. ఆయన జాగ్రత్తలో దీనికీ ఒక పాలు ఉందని నా నమ్మకం.

'ముత్యాల జాలరులు' కథ జరిగేది సిలోన్‌లో. బ్రహ్మను ప్రార్థించే పూజారిణి లీలా, ఆమెను ప్రేమించే నదీర్, అతని స్నేహితుడు జుర్గా. 1863 నాటి పారిస్ ఊహించుకున్న తూర్పుదేశం అది. మన కంటికి కథ వింతగా అనిపించవచ్చు. పాట మాత్రం లాలిపాట ఊపులో మెల్లగా, దాదాపు గాలిలో తేలుతూ సాగుతుంది. గట్టిగా పాడి దాటెయ్యడానికి అందులో చోటు లేదు. పల్లవి గారు తడి లేదన్నారు కదా, ఆ పాట ఒకసారి వినండి.

నిశ్శబ్దశ్రోత (వరంగల్)

1992 బార్సెలోనా ఒలింపిక్స్ ప్రారంభంలో స్పెయిన్ గాయకులంతా పాడారు కదా. అందులో ఈయన ఉన్నారా?

మాడ్రిడ్‌వాసి (మాడ్రిడ్)

ఉన్నారు, కానీ వేరుగా. కబాయె, బెర్గాంథా, డొమింగో, కారేరాస్, అరగాల్, జువాన్ పోన్స్ కలిసి ఓపెరా పాటల మాల పాడారు. క్రౌస్ ఆ గుంపులో లేరు. ఒలింపిక్ జెండా ఎగురుతున్నప్పుడు ఒలింపిక్ గీతం పాడింది ఆయన, కాటలాన్, స్పానిష్ రెండు భాషల్లోనూ. ఆ ముందు ఏడాది, 1991లో ప్రిన్స్ ఆఫ్ అస్తురియాస్ అవార్డు (స్పెయిన్‌లో పెద్ద పురస్కారం) మాత్రం వీళ్ళలో చాలామందికీ క్రౌస్‌కూ కలిపి ఇచ్చారు.

కొత్తశ్రోత (విజయవాడ)

ఇంత సమాచారం వస్తుందని అనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. నా రెండో ప్రశ్న అలాగే ఉంది. పేరు ఎందుకు తక్కువ వినిపిస్తుంది?

గోదారిగట్టు (లండన్)

స్టేడియాల్లో మైకులు పెట్టి పాడే పద్ధతి ఆయనకు గిట్టేది కాదు. మూడు టెనర్ల కచేరీలను బాహాటంగానే విమర్శించారు. ఓపెరా అంటే కథ, పాత్ర, థియేటర్, మైకు లేని గొంతు. వాటిలోంచి పాట ఒక్కటే తీసి చూపిస్తే అది వేరే సరుకు అని ఆయన అభిప్రాయం. 1990 జులై 7న, ప్రపంచకప్ ఫుట్‌బాల్ ఫైనల్ ముందురోజు జరిగిన ఆ ఒక్క కచేరీ టెనర్ల పేర్లను ఇంటింటికీ చేర్చింది. క్రౌస్ ఆ లోకం బయట ఉండిపోయారు.

పల్లవి77 (హైదరాబాద్)

ఇక్కడ నేను క్రౌస్‌తో గట్టిగా విభేదిస్తాను. ఈ చర్చ మొదలుపెట్టిన కొత్తశ్రోత గారే ఆ కచేరీ చూసి ఓపెరాకు వచ్చారు. ఆ కచేరీ లేకపోతే విజయవాడలో ఒక మనిషి ఇవాళ క్రౌస్ గురించి అడిగేవాడా? యూరప్ నగరాల్లో టికెట్ కొనగలిగినవాళ్ళకే పరిమితమైన కళను ఒక్క రాత్రిలో కోట్ల ఇళ్ళకు తీసుకెళ్ళారు ఆ ముగ్గురూ. దాన్ని తక్కువ చేయడం సరికాదు.

నదీర్ పాట విన్నాను. మాడ్రిడ్‌వాసి గారు చెప్పింది నిజం. కన్నీళ్ళు రాలేదు గానీ పాట ఆగాక వెంటనే ఇంకేదీ పెట్టబుద్ధి కాలేదు. డొమింగో మీద నా అభిమానం ఏమీ తగ్గలేదు.

ఓపెరాపిచ్చి (చికాగో)

ఒప్పుకుంటాను, ఆ కచేరీ మేలు చేసింది. క్రౌస్ మాట కూడా నిజమే. రోమ్ వీడియో చూసినవాళ్ళలో పూర్తి ఓపెరా దాకా వచ్చేవాళ్ళు కొద్దిమందే, కొత్తశ్రోత గారు వచ్చారు.

పేరు విషయంలో ఇంకో కారణం రికార్డులు. అరవైల మొదట్లో మంచివి ఉన్నాయి. 1962లో కార్ల్ బోమ్ కింద మొజార్ట్ 'కోసి ఫాన్ తుత్తె', సోల్టి కింద 'రిగొలెత్తో', 'ఫాల్‌స్టాఫ్'. ఆ తర్వాత పెద్ద కంపెనీల నుంచి చాలాకాలం పెద్దగా ఏమీ రాలేదు. డెబ్బైల చివర, ఎనభైల మొదట్లో మళ్ళీ వరసగా 'వెర్థర్', కబాయెతో 'పురితాని', స్కొత్తోతో 'త్రావియాతా'. అప్పటికి ఆయనకు యాభై దాటింది. గొంతు లేతగా ఉన్న కాలానివి మనకు దొరికేవి ఎక్కువగా థియేటర్లలో ఎవరో పట్టుకున్న రికార్డింగులు. ఆ లిస్బన్ 'త్రావియాతా' కూడా అధికారికంగా బయటికి వచ్చింది 1980లో, పాడిన 22 ఏళ్ళకు. జపాన్‌వాళ్ళు అదృష్టవంతులు, 1971లో టోక్యోలో కొస్సోత్తో అనే గాయనితో ఆయన పాడిన 'లా ఫావొరీత'ను అక్కడి టీవీ వాళ్ళు చిత్రీకరించి ఉంచారు.

శ్రుతిపెట్టె (తెనాలి)

ఆయన చివరి రోజులు ఎలా గడిచాయి?

మాడ్రిడ్‌వాసి (మాడ్రిడ్)

1997లో భార్య పోయారు. ఆ దెబ్బకు కొన్ని నెలలు పాడటమే మానేశారు. మళ్ళీ వచ్చి పాడారు, పాఠాలు చెప్పారు. ఇక్కడి రెయినా సోఫియా సంగీత పాఠశాలలో గాత్ర విభాగం పీఠం ఆయన పేరు మీదే ఉంది. 1999 సెప్టెంబర్ 10న మాడ్రిడ్‌లో చనిపోయారు, 71 ఏళ్ళు.

లాస్ పాల్మాస్‌లో లాస్ కాంతెరాస్ బీచ్ చివర ఆయన పేరుతో ఒక పెద్ద కచేరీ భవనం కట్టారు, ఆయన బతికుండగానే 1997లో తెరిచారు. వేదిక వెనక గోడకు పెద్ద కిటికీ, అందులోంచి అట్లాంటిక్ సముద్రం కనిపిస్తుంది. బయట ఆయన విగ్రహం ఉంది. ఆ దీవుల్లో ఆయన్ని సొంత మనిషిలా చూసుకుంటారు, ట్యాక్సీ డ్రైవర్‌ని అడిగినా చెప్తాడు.

కొత్తశ్రోత (విజయవాడ)

ఇప్పుడు ఏది ముందు వినాలి? రోజుకు గంట కన్నా ఎక్కువ కుదరదు.

గోదారిగట్టు (లండన్)

'వెర్థర్'లో మూడో అంకం పాట. ప్రేమించిన అమ్మాయి ఇంకొకరి భార్య, ఆమె ముందే పాత కవిత చదువుతాడు. ఫ్రెంచ్ మాటల్ని క్రౌస్ ఎంత శుభ్రంగా పలుకుతారో అక్కడ తెలుస్తుంది. చివర అరుపులు ఉండవు, ఏడుపు ఉండదు. పాట పెరుగుతూ వెళ్ళి పెద్ద స్వరం దగ్గర తెరుచుకుంటుంది.

శ్రుతిపెట్టె (తెనాలి)

నేనైతే రెండు 'త్రావియాతా'లు పక్కపక్కన వినమంటాను. 1958 లిస్బన్‌ది, 1980లో రికార్డో ముతీ నడిపించినది. ఒకే గాయకుడు, ఒకే పాత్ర, మధ్య 22 ఏళ్ళు. లిస్బన్‌ది థియేటర్ రికార్డింగ్, శబ్దం అంత బాగుండదు, ప్రేక్షకుల దగ్గులు కూడా వినిపిస్తాయి. దాన్ని పట్టించుకోకుండా చివరి అంకానికి వెళ్ళండి. చావుకు దగ్గరగా ఉన్న వయొలెత్తా, ఆలస్యంగా వచ్చిన అల్‌ఫ్రెడో కలిసి పారిస్ వదిలి వెళ్ళిపోదామని పాడుకునే యుగళం. కలాస్ గొంతు తగ్గిస్తే ఆయన ఇంకా తగ్గిస్తారు. ముప్ఫై ఏళ్ళ కుర్రాడు, పక్కన అంత పెద్ద గాయని ఉంటే తన గొంతు చూపించుకోవాలని ఎవరికైనా ఉంటుంది. ఆయన అలా చేయలేదు.

ముతీ దాంట్లో రెండో అంకం మొదట్లో అల్‌ఫ్రెడో పాట తర్వాత వచ్చే వేగమైన భాగాన్ని కోయకుండా పూర్తిగా పాడారు. అప్పుడు ఆయనకు 52. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో పెన్సిల్ పట్టుకుని గుర్తుపెట్టుకోండి. రెండు రికార్డింగుల్లోనూ అది చేసి ఇక్కడ రాయండి, నా శిష్యులకు కూడా చూపిస్తాను.

కొత్తశ్రోత (విజయవాడ)

సరేనండీ. ఈ ఆదివారం లిస్బన్‌తో మొదలుపెడతాను. యుగళం విని ఇక్కడే రాస్తాను.